వాయించే ముందటి ఊపిరి

షాపతను చీకటి పడేలోపు వస్తానన్నాడు. వచ్చి, చేతిలో బండి తాళాలు ఆడిస్తూ, పెట్టె ఉంచుకుంటారా తీసుకుపొమ్మంటారా అని అడుగుతాడు, అదేదో మంచినీళ్లు కావాలా అని అడిగినంత తేలిగ్గా, ఎందుకంటే అతనికి అదే ప్రశ్న, అందులో ఇంకేమీ లేదు. ఆమె, అన్నయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ పెట్టె వైపు చూస్తోంది. నల్లగా ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, తిప్పడానికి ఒక మీట గానీ నొక్కడానికి ఒక బొత్తం గానీ లేకుండా, ముందువైపు చుక్కంత దీపంతో, ఏం తెలిసినా చెప్పని మనిషిలా కూర్చుని ఉంటుంది. ఇంటర్నెట్‌లోంచి పాటను తెచ్చి ఆంప్లిఫయర్‌కు అందించడం, అంతే దాని పని. ఆ పని చేసే స్ట్రీమర్ ఇంట్లో ఇదివరకే ఒకటుంది, నిక్షేపంలా పనిచేస్తోంది, అదే అరలో కింద ఉంది, కొత్తదాన్ని నెత్తిన పెట్టుకుని. కొత్తదాని ధర విన్నరోజు ఆమెకు నవ్వొచ్చింది, గట్టిగా నవ్వింది కూడా, నవ్వి తన గొంతుకే తను ఉలిక్కిపడింది, ఈ గదిలో ఎవరైనా నవ్వి ఎంత కాలమైందో గుర్తు రాలేదు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కిటికీలోంచి వచ్చే ఎండ మంచం కోడు దాకా పాకింది. అది గోడెక్కేసరికి అతను వస్తాడు.

అన్నయ్య కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అదే అన్నింటికన్నా కష్టం, మూసుకుని ఉంటే నిద్రపోతున్నాడనుకుని చెంబూ గ్లాసూ సర్దుకుంటూ తిరగవచ్చు, తెరుచుకున్న కళ్ల ముందు ఏం చేసినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ చూడటం లేదంటాడు నరాల డాక్టరు. చూస్తున్నట్టుంటారు, చూడరు, వింటున్నట్టుంటారు, వినరు, మీరు మనసు గట్టి చేసుకోవాలి అని ఆయన అన్నప్పుడు ఆమె ఆయన నోటివంకే చూస్తూ, కింద వరసలో పన్ను వంకరగా ఉంది, అన్నయ్య అయితే ఈపాటికి కుర్చీలో కూర్చోబెట్టేసేవాడు, అనుకుంది. పళ్ల డాక్టరు అన్నయ్య. రోజంతా జనం చేత నోళ్లు తెరిపించి, వాళ్లను ఒక్క మాట మాట్లాడనివ్వకుండా, ఆ కీచుమనే మిషను వాళ్ల పళ్ల మీదా తన చెవుల మీదా నడిపించి, సాయంత్రం ఇంటికొచ్చి నోరు మూసుకుని పాట వినేవాడు. చెవులు కడుక్కుంటున్నానే అనేవాడు. పాటంటే చెవి కోసుకునే మనిషి. కోసుకుంటే ఇంకెలా వింటావురా అని అమ్మ వేళాకోళం చేసేది. వీడికున్నవి చెవులు కావు, జల్లెడలు, అన్నంలో రాయి ఏరినట్టు పాటలో తప్పు ఏరతాడు అనేది. చివరికి క్లినిక్‌లోనే, ఒకతని నోట్లో అద్దం పెట్టి చూస్తూ చూస్తూ కూలిపోయాడు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ఆ పేషెంటు చాలాసేపు నోరు తెరుచుకునే ఉండిపోయాడట, మూసుకోవచ్చని చెప్పేవాళ్లు లేక. ఈ సంగతి అన్నయ్యకు చెబితే పడీపడీ నవ్వేవాడు. చెప్పింది కూడా. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది, చెవి దగ్గరికి వంగి, ఒక్కోసారి ఒక్కో రకంగా, పేషెంటును అనుకరిస్తూ నోరు తెరిచి మరీ. ముక్కులోని గొట్టం మాత్రం ఊపిరికి కొంచెం పైకీ కిందికీ కదిలింది.

స్ట్రీమర్ కావాలని అడిగింది అన్నయ్యే. కూలిపోక ముందు షాపతనికి చెప్పి పెట్టాడట, కొత్త మోడలు వస్తే ముందు నాకివ్వు, విని చూసి చెబుతాను అని. సరుకు రావడం ఆలస్యమైంది, ఈలోగా ఇక్కడ ఇదంతా జరిగింది, షాపతనికి తెలీదు, పెట్టె చంకన పెట్టుకుని ఎప్పట్లా హుషారుగా గంట కొట్టాడు. డాక్టరుగారూ మీ పెళ్లికూతురు వచ్చేసింది అని గుమ్మంలోంచే కేకేశాడు. తర్వాత గదిలోకి వచ్చి చూసి, ఆ పెట్టెను ఎక్కడ దించాలో తెలీక చాలాసేపు చంకనే పెట్టుకుని నిలబడ్డాడు. తీసుకెళ్లిపోతాడనుకుంది. తీసుకెళ్లలేదు. నేల మీద గొంతుకూర్చుని, పాత వైర్లు తీసి, కొత్త వైర్లు పెట్టి, స్పీకర్లు హాల్లోంచి ఈ గదిలోకి ఒక్కడే ఈడ్చుకొచ్చి, మంచానికి అటొకటి ఇటొకటి సర్ది, చేతులు దులుపుకుని, "ఉంచండి మేడమ్. విననివ్వండి. మళ్లీ వస్తాను," అన్నాడు. విననివ్వండి అన్నాడు. వినరని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు మరి. ఆ మాట దగ్గరే ఆమె పట్టు తప్పింది. ఆసుపత్రిలో, ఇంట్లో, ఫోన్లో, పలకరించడానికి వచ్చినవాళ్ల మొహాల్లో, ఎక్కడా వినబడని మాట అది, ఎవరో దారి తెలీక పొరపాటున లోపలికి వచ్చేసినట్టు వచ్చిన మాట.

ఆ సాయంత్రమే పెట్టింది, ఒక వయొలిన్ రికార్డింగు, అన్నయ్య ఏ కొత్త పరికరం తెచ్చినా మొట్టమొదట దానిమీద పెట్టి చూసేది. ఎవరో ఒంటరిగా వాయించింది, వెనక ఇంకే వాద్యం ఉండదు. మొదలుపెట్టే ముందు వాయించే ఆవిడ ఊపిరి తీసుకుంటుందని అన్నయ్య అనేవాడు. విను, ఇక్కడ, కమాను తీగ మీద పడేముందు, వినబడిందా? లేదు అనేది ఆమె. మళ్లీ పెట్టేవాడు. వైరు మార్చి పెట్టేవాడు. స్పీకరు జానెడు జరిపి పెట్టేవాడు. ఇప్పుడు? ఏమో, రెండూ ఒకటే. నీకు చెవులున్నాయో బెజ్జాలున్నాయో అని విసుక్కునేవాడు. నిజానికి ఆమెకు కొంచెం వినబడేది, అతన్ని ఉడికించడానికి అలా అనేది, ఉడుక్కున్నప్పుడు అతని చెవులు ఎర్రబడేవి, అదో సరదా. వదిన ఉన్నరోజుల్లో కూడా ఇదే తంతు. ఈ ఇంట్లో ఒక మాట మాట్లాడాలంటే పాట అయ్యేదాకా ఆగాలి, ఒక పాట అయితే ఇంకోటి మొదలవుతుంది, నాకు ఈ జన్మకు వంతు రాదు అని, గొడవేమీ పడకుండా, వెళ్లిపోయింది వదిన. వెళ్లిన రోజు కూడా అన్నయ్య పాట పెట్టుకున్నాడు, కాకపోతే ఆ రోజు ఏ తప్పూ ఏరలేదు. అయితే ఈ కొత్త పెట్టె మీద ఆ ఊపిరి వినబడింది. కొంచెం కాదు. గదిలో, మంచానికీ కిటికీకీ మధ్య, ఒక మనిషి నిలబడి, భుజాలు ఎత్తి, ముక్కుతో గాలి పీల్చుకున్నట్టు. ఆమె గబుక్కున తల తిప్పి చూసింది, ఎవరొచ్చారా అని. తల తిప్పడంలో అన్నయ్య చెయ్యి కంటబడింది. దుప్పటి మీద వెల్లకిలా ఉన్న కుడిచెయ్యి. చూపుడువేలు లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ పడుకుంది. ఆగు, వినబడిందా, అనేటప్పుడు అన్నయ్య ఎప్పుడూ లేపే వేలే అది.

కండరాలమ్మా, అంది పొద్దున వచ్చే నర్సమ్మ, ఒళ్లు తుడుస్తూ. "వాటంతటవే అదురుతుంటయ్. నిద్రలో మనకి కాలు ఎగరదూ? అట్లాగే. మీరు లేనిపోనివి మనసులో పెట్టుకోకండి, నా మాట వినండి." మంచి మనిషి నర్సమ్మ, అన్నయ్యను పక్కకు తిప్పేటప్పుడు ఏ బిడ్డనో తిప్పుతున్నట్టు తిప్పుతుంది, పైగా బాబూ కొంచెం ఇటు, ఆఁ అంతే, అని మాట్లాడుతుంది కూడా. మరి వినరని తెలిసి ఎందుకు మాట్లాడతావు అని అడగాలనిపించింది. అడగలేదు. జవాబు ఎదుటిమనిషి దగ్గర ఉండదని తెలిసిన ప్రశ్న అడగడం ఆమెకు చేతకాదు. ఆమె బతుకంతా జవాబులతోనే, వేరేవాళ్ల జవాబులతో. కోర్టులో విచారణలు రికార్డు చేసి పంపిస్తారు, ఆమె చెవులకు తగిలించుకుని విని టైపు చేస్తుంది. దగ్గులూ కుర్చీల కిర్రూ గొంతుకు అడ్డుపడిన ఏడుపులూ అన్నీ వింటుంది, మాటలు మాత్రమే రాస్తుంది. సరిగ్గా తెలియకపోతే 'వినబడలేదు' అని రాయాలి. సాక్షి ఊరుకుండిపోతే 'జవాబు లేదు' అని రాయాలి. రెండూ ఒకటి కావు, ఒకటి యంత్రం తప్పు, ఇంకోటి మనిషి ఇష్టం, కలిపేస్తే ఉద్యోగం ఊడుతుంది. అన్నయ్య సంగతి ఈ రెండింట్లో ఏదో ఆమెకు తెలియడం లేదు. లోపల ఉండి పలకడం లేదా. పలుకుతుంటే ఇటు అందడం లేదా. లేక పలికేవాళ్లెవరూ లేరా, ఖాళీ గదిలో రికార్డరు పెట్టి తలుపు వేసుకుని వెళ్లిపోయినట్టు, గాలి చప్పుడొకటే గంటలకు గంటలు.

నరాల డాక్టరుకు మాత్రం జవాబు కావాలి. కిందటిసారి కఫం పట్టి ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకెళ్తే ఎలాగో గట్టెక్కించారు. ఇంటికి పంపేముందు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు, డాక్టర్లు పక్కన కూర్చుంటే మంచి కబురు కాదు. "ఇది మళ్లీ వస్తుందండి. వచ్చినప్పుడు గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషన్ మీద పెట్టాల్సి ఉంటుంది. పెడితే తియ్యడం ఉండకపోవచ్చు. పెట్టాలా వద్దా అన్నది మీరు ముందే చెబితే మంచిది. ఆ హడావుడిలో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు." ఆమె తల ఊపింది. "ఆయనే చెప్పగలిగితే ఏం చెప్పేవారో ఆలోచించండి, అది చెప్పండి చాలు," అన్నాడు. చాలట. నిన్న మళ్లీ ఫోన్ చేసి గుర్తుచేశాడు. అందుకని ఇవాళ ఆమెకు ఒక పెట్టె కాదు, రెండు. ఒకటి పాట తెచ్చి పోస్తుంది, ఇంకోటి గాలి తెచ్చి పోస్తుంది. వినగలిగితే, ఒక్క ఆ వయొలిన్ ఆవిడ ఊపిరి వినగలిగినా సరే, అన్నయ్య ఉన్నట్టే, ఉంటే రెండు పెట్టెలూ ఉంచుకోవాలి, ఉన్నదంతా ఊడ్చిపెట్టయినా ఉంచుకోవాలి. వినలేకపోతే. అక్కడికొచ్చేసరికి ఆలోచన మొండికేసిన గేదెలా ఆగిపోతుంది, తోసినా కదలదు.

అందుకే, షాపతను వచ్చేలోపు, ఈ గంట. పొద్దుననగా టైపు పని పక్కన పడేసి, ఫోన్ మోగితే తియ్యకుండా, ఇదొక్కటీ తేల్చుకుందామని కూర్చుంది. ముందు పాత స్ట్రీమర్ మీద పెట్టింది. వైర్లు మార్చడం అన్నయ్య పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్నదే. వయొలిన్ వచ్చింది, బాగానే వచ్చింది, ఊపిరి ఉందా అంటే ఉంది, లేదంటే లేదు. వేలు కదలలేదు. రెప్ప వేయకుండా చూసింది, కదలలేదు. లేచి వైర్లు మార్చింది, ఒకటి జారిపోయి మంచం కిందికి దొర్లితే పాకుతూ వెళ్లి తెచ్చుకుంది, మోకాలు చీరుకుంది, పట్టించుకోలేదు. కొత్తదాని మీద పెట్టింది. ఊపిరి. భుజాలు ఎత్తి, ముక్కుతో. వేలు లేచింది. అన్నయ్యా అంది. వినబడిందా అంది. వినబడింది కదూ, నాకూ వినబడిందిరా, అప్పట్లోనూ వినబడేది, ఊరికే అనేదాన్ని, అంటూ ఆ చెయ్యి పట్టుకుని, ఎన్నాళ్లనుంచో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేసి ఏడ్చింది. ఏడుస్తూనే లెక్కలు వేసేసింది, షాపతనికి ఉంచమని చెప్పాలి, డాక్టరుకు పెట్టమని చెప్పాలి, ఈ గదికి మందపాటి తెరలు కుట్టించాలి, స్పీకర్ల కింద రాతిపలకలు వేయించాలి, అన్నయ్య ఎప్పటినుంచో వేయిద్దామనుకునేవాడు. వయొలిన్ పైకి వెళ్లి, అక్కడ సన్నగా నిలబడి, నెమ్మదిగా దిగుతోంది. ఇంత అందంగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియలేదు, అతను మాటిమాటికీ ఆపి వినబడిందా అని అడగకుండా ఉండి ఉంటే ఎప్పుడో తెలిసేది.

అక్కడితో ఆపేసి ఉండవలసింది. అక్కడితో ఆపేసి, మొహం కడుక్కుని, తలుపు తీయడానికి వెళ్లి ఉంటే సరిపోయేది. కానీ ఏళ్లతరబడి చేసిన పని ఊరుకోదు. ఒక్కసారి విన్నదాన్ని ఆమె ఎప్పుడూ టైపు చేయదు. మనం ఏది వినాలనుకుంటామో చెవి దాన్నే వినిపిస్తుంది, అందుకని ఆ మాట ముందే తెలియనట్టుగా, ఆ మనిషి ఎవరో తెలియనట్టుగా ఇంకోసారి వినాలి, కొత్తవాళ్లకు ఆమె నేర్పే మొదటి సంగతే అది. వినక తప్పదు. ఆ ఆలోచన వచ్చాక దాన్ని వెనక్కి పంపడం తన వల్ల కాలేదు. గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది. చుక్కంత దీపం ఆరిపోయింది. స్టూలు మీదికి వచ్చి కూర్చుంది. గదిలో ఏమీ లేదు. కిందెక్కడో బకెట్టు కొళాయి కింద నిండుతున్న చప్పుడు, తర్వాత అదీ ఆగింది. కదలకు, అంది లోలోపల. ఎన్ని రోజులు కదులు కదులు అని బతిమాలిందో అన్ని రోజులనూ మరిచిపోయి, కదలకు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి కదలకు, అంది. వేలు లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, పడుకుంది. ఏమో, పాట జ్ఞాపకం వచ్చి ఉంటుంది లోపల, అనుకుంది వెంటనే. ఆ కొళాయి చప్పుడుకేమో అనుకుంది. చూస్తూ కూర్చుంది. మళ్లీ లేచింది. ఇంకాస్సేపటికి మళ్లీ. ఏ చప్పుడూ లేనప్పుడు, ఎవరూ ఏమీ వినిపించనప్పుడు, ఎవరి కోసమూ కాకుండా, తూములో నీటిబొట్టు పడినట్టు. పాత స్ట్రీమర్ మీద పెట్టినప్పుడు కదలకపోవడం కూడా అంతే, రెండు బొట్ల మధ్య ఖాళీలో పెట్టింది తను, అంతకంటే ఏమీ లేదు.

ఏడుపు రాలేదు. ఇందాకే అయిపోయినట్టుంది, అదీ తప్పుడు దానికి ఖర్చయిపోయింది. ఆమె మెదడు మాత్రం ఇంకా చిన్నచిన్న పుల్లలు ఏరుకొస్తూనే ఉంది. వేలు ఊరికే కదలవచ్చు, అయినా వింటూ ఉండవచ్చు కదా, వేలికీ వినడానికీ సంబంధం ఏమిటి, కదిలినందుకు వింటున్నాడనుకోవడం ఎంత తెలివితక్కువో, ఊరికే కదిలినందుకు వినడం లేదనుకోవడమూ అంతే. నిజమే. నిజమే గానీ, ఆ దారి వెంట ఇంకొక అడుగు వేసేసరికి ఎదురైనదాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. వింటున్నాడనుకో. అన్నీ వింటున్నాడనుకో. పేషెంటు కథ అన్నిసార్లు విన్నాడు. నర్సమ్మ కండరాలమ్మా అనడం విన్నాడు. ఆసుపత్రిలో మంచం పక్కనే నిలబడి వాళ్లు అన్నవన్నీ విన్నాడు. చిన్న తప్పుకు మొహం చిట్లించుకునే ఆ మనిషి, నచ్చకపోతే నిమిషం కూడా భరించలేక లేచి ఆపేసే ఆ మనిషి, ఆపమని చెప్పలేక, తల పక్కకు తిప్పుకోలేక, పొద్దుటినుంచి రాత్రిదాకా తను ఏది పోస్తే అది చెవుల్లో పోయించుకుంటూ పడి ఉన్నాడు. దాని మీద గొంతులో ఇంకో గొట్టం, పక్కన బుసకొట్టే మిషను, పగలూ రాత్రీ ఒకే తాళం. వినడం లేదంటే అన్నయ్య లేడు. వింటున్నాడంటే, ఇంతకంటే లేకపోవడమే నయం. ఆమె చాలాసేపు ఈ రెంటి మధ్యా కూర్చుంది. ఒకవైపు తలుపు తీస్తే ఎవరూ లేరు, రెండోవైపు తలుపు తీస్తే ఉన్నాడు, ఆ ఉండటం చూడలేం. మంచి తలుపు లేదు ఈ ఇంట్లో.

గంట మోగింది. షాపతను గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూశాడు. ఈసారి తాళాలు ఆడించడం లేదు, గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు.

"ఎలా ఉన్నారు డాక్టరుగారు?"

"అలాగే."

"విన్నారా?"

"విన్నాడు."

"ఏమన్నారు?" అనేశాడు, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ, అనేసి నాలిక కరుచుకున్నాడు. "సారీ మేడమ్, నేను ఏదో..."

"నచ్చలేదన్నాడు," అంది ఆమె.

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత, గొంతు సర్దుకుని, షాపులో మాట్లాడినట్టే మామూలుగా, "అదేమిటి మేడమ్, దీనికి వంక పెట్టినవాళ్లు లేరింతవరకు. ఏం తేడా వచ్చిందట?" అన్నాడు.

"అంతా మరీ దగ్గరగా వినబడుతోందట. భరించలేడట."

"అయితే తీసుకెళ్తాను," అన్నాడు మెల్లిగా. గదిలోకి వచ్చి, మంచం వైపు ఒకసారి తల వంచి, గొంతుకూర్చుని వైర్లు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కో వైరునూ వేళ్ల చుట్టూ చుట్టి, చప్పుడు కాకుండా పెట్టెలో పెట్టాడు. "పాతది కలిపి వెళ్లనా?"

"వద్దు. ఉండనీ."

"స్పీకర్లు హాల్లోకి?"

"ఉండనీ బాబూ."

అతను వెళ్లిపోయాక తలుపు వేసి, అక్కడే నడవాలో, చెప్పుల దగ్గర నిలబడి, ఆసుపత్రికి ఫోన్ చేసింది. లోపలికెళ్లి చేస్తే చేయలేనని తెలుసు. ఎవరో ఎత్తి, ఇంకెవరికో ఇచ్చి, వాళ్లు ఆగమని, ఆగినంతసేపూ ఏదో సంగీతం వేశారు, రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు. చివరికి డాక్టరు లైన్లోకి వచ్చాడు.

"మీరడిగిన దానికండీ," అంది. "మిషన్ వద్దండి."

"సరేనండి. ఆయన ఉద్దేశం అదే అయి ఉంటుందంటారా?"

షాపతనికి చెప్పినంత సులువుగా ఆ మాట నోటి దాకా వచ్చింది. అవునండీ, వాడికి అసలే ఓ పట్టాన ఏదీ నచ్చదు, వద్దనే అంటాడు, అంటే అయిపోయేది. గోడకు ఆనుకుంది.

"తెలీదండి," అంది. "వాడి ఉద్దేశం నాకు తెలీదు. వద్దంటున్నది నేను."

డాక్టరు అలాగేనన్నాడు. ఇంకేమైనా అడగాలా అన్నాడు. లేదంది. లోపలికి వచ్చి కిటికీ మూసింది, దుప్పటి పైకి లాగింది, ముక్కు గొట్టంలోకి పోయవలసినవి గ్లాసులో కలుపుకుని తెచ్చి, చెంచాతో తిప్పుతూ తిప్పుతూ స్టూలు మీద కూర్చుంది. అన్నయ్య చేతి వైపు మాత్రం చూడలేదు.